‘పంట’ ‘వంట’ కాకుండా చూసే అక్షరం కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి జయంతికి మీరు వేసిన ప్రత్యేక పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. తెలుగు మీడియం గురించి, ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడకపోవడం గురించి, పత్రికల్లో ఇంగ్లీషు మాటలు పెరిగిపోవడం గురించి పెద్దలు బాగా రాశారు. అన్నీ చెప్పుకోవలసిన సంగతులే. కానీ తెలుగు అక్షరం ఫోన్‌లో, కంప్యూటర్‌లో కంటికి ఎలా కనిపిస్తోందన్న దాని గురించి ఆ పేజీలో ఒక్క ముక్క లేదు. మా ఇంట్లో గానీ మా వీధిలో గానీ ఇవాళ తెలుగు చదివేది ఎక్కువగా ఫోన్ మీదే. అందుకని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. చోటు చాలకపోతే కత్తిరించుకోండి గానీ, ముందు చెప్పబోయే పంట రుణాల సంగతి మాత్రం ఉంచండి.

నేను 1996లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, లేజర్ ప్రింటర్, ట్రేసింగ్ పేపరు. పదిహేనేళ్లు అదే లోకం. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, కవుల సొంత పుస్తకాలు, ఎన్నికలప్పుడు రాత్రింబవళ్లు పోస్టర్లు. తర్వాత పని తగ్గింది. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో ఇంటి దగ్గర నుంచే చిన్న చిన్న సంస్థలకి సైట్లు చేస్తున్నాను. చీరల కొట్టు, సంగీతం నేర్పే టీచరు, ఒక ఆలయ కమిటీ, రెండు స్కూళ్లు, ఒక రైతుల సంఘం. మా అమ్మాయి కోడింగ్‌లో సాయం చేస్తుంది. అక్షరాల సంగతి మాత్రం నేనే చూసుకుంటాను.

ఆ రైతుల సంఘం కృష్ణా జిల్లాలోది. వాళ్ల సైట్‌లో విత్తనాలు, ఎరువుల ధరలు, రుణాల వివరాలు, మీటింగు తేదీలు ఉంటాయి. శీర్షికలకి ఒక అందమైన తెలుగు వెబ్ ఫాంట్ పెట్టాను. నా కంప్యూటర్ మీద చూస్తే ముచ్చటగా ఉంది. సైట్ మొదలైన నాలుగో రోజు సంఘం ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. “అమ్మా, మనం ఇచ్చేది పంట రుణాలు కదా. వంట రుణాలు అని పడిందేంటి? మా వాళ్లు అడుగుతున్నారు, గ్యాస్ పొయ్యిలకి అప్పు ఇస్తున్నారా అని.” నాకు ఒళ్లు చల్లబడింది. ముప్పై ఏళ్లుగా ప్రూఫులు చూస్తున్నాను, ‘ప’ బదులు ‘వ’ కొట్టానా అని. తీసి చూస్తే కొట్టింది సరిగ్గానే ఉంది. ‘ప’యే ఉంది. కానీ ఆయన పంపించిన స్క్రీన్‌షాట్‌లో, ఆ చిన్న ఫోన్ మీద, అది నిజంగానే ‘వ’లా కనిపిస్తోంది.

ఎందుకలా అయిందో కనుక్కోవడానికి ఆ రాత్రంతా పట్టింది. ఒకటో తరగతిలో మనందరికీ నేర్పిన విషయమే ఇది. ప, ఫ, ష, స, హ అక్షరాలకి తలకట్టు ఒంటికి అంటదు, కాస్త ఎడంగా ఉంటుంది. ‘వ’కి అంటుకుని ఉంటుంది. ‘ప’కీ ‘వ’కీ ఉన్న తేడా అంతా ఆ వెంట్రుకవాసి ఖాళీలోనే ఉంది. నేను పెట్టిన ఫాంట్‌కి ఒకటే మందం ఉంది, బోల్డ్ లేదు. వెబ్ పేజీలో శీర్షిక అని గుర్తు పెడితే బ్రౌజరు దానంతటదే బోల్డ్ చేస్తుంది. బోల్డ్ ఫైలు దొరక్కపోతే ఊరుకోదు. ఉన్న అక్షరాన్నే పక్కకి కాస్త పులిమి లావు చేసేస్తుంది. అలా పులిమినప్పుడు ‘ప’ మీది ఖాళీ పూడిపోయింది. తలకట్టు వెళ్లి ఒంటికి అంటుకుంది. పంట వంటైంది.

ఇంగ్లీషు అక్షరాన్ని అలా పులిమితే అందం చెడుతుంది గానీ, చాలావరకు ఆ అక్షరం ఆ అక్షరంలాగే ఉంటుంది. మనకి అలా కాదు. ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద ఉండే చిన్న గీత. ‘డ’కీ ‘ఢ’కీ అంతే. ఆ గీత కలిసిపోతే మాట మారిపోతుంది. మర్నాడు పొద్దున్నే శీర్షికలకి అసలైన బోల్డ్ ఉన్న ఫాంట్ పెట్టి, బ్రౌజరు సొంతంగా పులమకుండా, పేజీ ఎలా కనబడాలో చెప్పే స్టైల్ ఫైలులో ఒక వరుస రాసి ఆపేశాను. అంతే పని. ఒక్క వరుస. ఆ వరుస రాయని తెలుగు సైట్లు ఎన్నో రోజూ నా కంట పడుతూనే ఉన్నాయి. మీ సైట్ కూడా అందులో ఉంది కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

వెబ్ ఫాంట్ అంటే ఏమిటో తెలియని పాఠకులూ మీకు ఉంటారు. పూర్వం వెబ్ పేజీలో అక్షరాలు కనబడాలంటే ఆ ఫాంట్ చదివేవాళ్ల కంప్యూటర్‌లో ముందే ఉండాలి. లేకపోతే గళ్లు కనబడేవి, లేదా పిచ్చి గుర్తులు. వెబ్ ఫాంట్ అయితే పేజీతో పాటు అక్షరాల ఫైలు కూడా వచ్చేస్తుంది. పెళ్లికి వెళ్లిన వంటవాళ్లు గిన్నెలు, గరిటెలు తమతోనే తెచ్చుకున్నట్టు. ఆ ఇంట్లో ఏమున్నాయి, ఏం లేవు అన్న బెంగ అక్కర్లేదు.

ఇందులో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. ఇంగ్లీషు డిజైనర్లు వెబ్ ఫాంట్ల గురించి సంబరపడింది 2008 తర్వాత. సఫారీ 3.1 బ్రౌజరు, ఆ మరుసటి ఏడు ఫైర్‌ఫాక్స్ 3.5 బ్రౌజరు, 2010లో గూగుల్ వాళ్ల ఉచిత ఫాంట్ల సర్వీసు. అంతవరకు వాళ్లు టైమ్స్, ఏరియల్, వెర్డానా, జార్జియా లాంటి నాలుగైదు ఫాంట్లతో సరిపెట్టుకున్నారు. కానీ మన తెలుగు పత్రికలు అంతకు పదేళ్ల ముందే ఈ పని చేశాయి. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లో ఒక రకం, నెట్‌స్కేప్ 4లో ఇంకో రకం డైనమిక్ ఫాంట్లు పంపే వీలు ఉండేది. ఆ వీలుతోనే తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లకి అది షోకు, మనకి అది లేకపోతే గడవదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు రాత్రి ఆఫీసు నుంచి వచ్చి విజయవాడ వార్తలు తెలుగులో చదివానని మొదటిసారి ఫోన్ చేసి చెప్పినప్పుడు, ఐఎస్‌డీ బిల్లు గురించి కూడా మర్చిపోయి పావుగంట దాని గురించే మాట్లాడాడు. ఏ పత్రిక ఫాంట్ దానిదే. అక్షరం చూసి ఏ పత్రికో చెప్పేయవచ్చు.

అందులో ఒక లోటు ఉండేది. ఆ ఫాంట్లలో ఒక్కొక్కరి కోడ్ ఒక్కో రకం. కంటికి ‘క’ కనబడుతుంది, లోపల మాత్రం ఏదో ఇంగ్లీషు గుర్తు. వెతికితే దొరకదు, కాపీ చేసి పెడితే చెత్త వస్తుంది. అందుకోసం ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒక చేర్పు వచ్చింది. ఒక్కో పత్రిక కోడ్‌ని యూనికోడ్‌లోకి, అంటే అందరికీ ఒకటే అయిన కోడ్‌లోకి, మార్చి చూపించేది. ఎంత మేలు చేసిందో అప్పట్లో వాడినవాళ్లకి తెలుసు. తర్వాత యూనికోడ్ నిలదొక్కుకుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. పోతన, వేమన ఫాంట్లు తిరుమల కృష్ణదేశికాచారి గారు ఉచితంగా ఇచ్చారు. పత్రికలన్నీ ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మారాయి. అది మంచిదే, చాలా మంచిది. అయితే ఆ మార్పులో మనం ఒకటి పోగొట్టుకున్నాం. పత్రికల సొంత అక్షరాలు పోయి, అందరూ కంప్యూటర్‌లో ఏది ఉంటే దాంతోనే కనబడటం మొదలైంది. తాత్కాలికం అనుకున్నాం. చాలా సైట్లలో ఇప్పటికీ అదే నడుస్తోంది.

మీ సైట్ ఈ రోజు విండోస్ కంప్యూటర్‌లో తెరిస్తే నిర్మల అక్షరాలు, పాత మెషిన్ అయితే గౌతమి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిస్తే నోటో. ఐఫోన్‌లో తెరిస్తే కోహినూర్. మీ స్టైల్ ఫైలులో రాసుకున్న ఫాంట్ పేరు ఇంగ్లీషు ఫాంట్‌ది, అందులో తెలుగు అక్షరాలే లేవు. కాబట్టి ఎవరి ఫోన్‌లో ఏది ఉంటే అది వచ్చి కూర్చుంటోంది. ఈ ఫాంట్లు చెడ్డవని అనడం లేదు. నోటో మంచి ఫాంట్, నేనూ వాడతాను. కానీ అది మీరు కావాలని పెట్టుకున్నది కాదు. పొద్దున మీ పేపరు మా గుమ్మంలో మడత పెట్టి పడి ఉంటుంది. పేరు లోపలి వైపు ఉన్నా సరే, పైకి కనబడే రెండు లైన్ల అక్షరం చూసి మా మామయ్య గారు మీ పేపరే అని చెబుతారు. మీ సైట్‌లో వార్త ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తే, అది మీదో ఇంకొకరిదో నేను కూడా చెప్పలేను.

మా మామయ్య గారికి 78 ఏళ్లు. కాగితం మీద మీ ఎడిటోరియల్ పది నిమిషాల్లో చదివేస్తారు, వేలు పెట్టకుండా. మధ్యాహ్నం అదే ఎడిటోరియల్ ఫోన్‌లో మళ్లీ చూడాలంటే రెండు వేళ్లతో సాగదీసి, కుడికి జరిపి, ఎడమకి జరిపి, ఒక్కో లైను కిందా మీదా పడతారు. చత్వారం వల్ల అనుకున్నాను. మొన్న ఆయన పక్కన కూర్చుని చూశాను. ‘రాష్ట్రం’ అన్న మాట ఉంది. ‘ష’ కింద ‘ట’ ఒత్తు, దానికి తోడు ‘ర’ ఒత్తు. దాని కిందిలైనులో సరిగ్గా ఆ చోటనే ‘నిధి’ అన్న మాట వచ్చింది. పైలైను ఒత్తు దిగి వచ్చి కిందిలైను గుడిని తాకుతోంది. రెండూ కలిసిపోయి ఒక నల్లటి ఉండ అయింది. అక్కడే ఆయన ఆగిపోతున్నారు. మీ సైట్‌లో లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయినంతే ఉంది. ఇంగ్లీషు అక్షరం కింద వేలాడేవి ఏవో కొన్ని తోకలు. మనకి పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు, ఒత్తు మీద ఒత్తు. అక్షరం సైజుకి ఒకటికి రెండు పాళ్లు కాకపోయినా, ఒకటికి ఒకటిన్నర దాటి అయినా లైను ఎత్తు ఉండాలి. నా సైట్లలో ఫాంట్‌ని బట్టి 1.6 నుంచి 1.8 దాకా పెడతాను. మామయ్య గారి ఫోన్‌లో మీ పేజీనే అలా మార్చి చూపించాను. ఆయన సాగదీయలేదు. చివరిదాకా చదివి, “ఇప్పుడు గాలి ఆడుతోందమ్మా” అన్నారు.

నాకు ఈ పని నేర్పిన మా సెంటర్ ఓనరు గారు డీటీపీకి రాకముందు లెటర్‌ప్రెస్‌లో కంపోజిటర్‌గా చేశారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చిన చేతులు ఆయనవి. ప్రూఫు చూసేటప్పుడు ముందు మాటలు చదివేవారు కాదు. కాగితాన్ని చేయి చాపినంత దూరం పెట్టి ఒత్తుల వరుస ఒక్కటే చూసేవారు. “ఒత్తులు ఊపిరి తీసుకుంటున్నాయా లేదా” అనేవారు. తర్వాతే అచ్చుతప్పులు. శుభలేఖ కోసం వచ్చిన వాళ్లని నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవారు. “శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు” అన్న వరుసని ఐదారు ఫాంట్లలో కొట్టి చూపించమనేవారు. పల్లెల నుంచి వచ్చిన వాళ్లు, సంతకం కూడా కష్టంగా పెట్టేవాళ్లు, “ఇది బాగుందమ్మా, గుండ్రంగా, మా అమ్మాయి ముఖంలా ఉంది” అని ఎంచుకునేవారు. పెళ్లి కూతురి పేరు ఏ అక్షరంలో ఉండాలన్నది వాళ్లకి పెద్ద విషయం.

ఇప్పుడు సైట్ చేయించుకునే వాళ్లు ఇంగ్లీషు ఫాంట్ గురించి రెండు గంటలు మాట్లాడతారు. లోగోకి ఇది, మెనూకి ఇది, బటన్‌కి ఇది అంటారు. తెలుగు పేజీ దగ్గరికి వచ్చేసరికి “ఏదో ఒకటి పెట్టండి మేడం, తెలుగు కదా” అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఏదో ఒకటి పెట్టాల్సిన రోజులు పోయాయి కాబట్టే ఆ బాధ. ఎంచుకోవడానికి ఏమీ లేనప్పుడు సర్దుకుంటే అర్థం ఉంది.

ఇప్పుడు ఎన్ని ఉన్నాయో చూడండి. అమెరికాలోని సిలికానాంధ్ర వాళ్లు పూనుకుని చేయించిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో అందరికీ ఉచితంగా ఉన్నాయి. పేర్లు చదువుతుంటే భువనవిజయం కళ్ల ముందు నిలుస్తుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. శ్రీకృష్ణదేవరాయ కూడా ఉంది. గురజాడ, సురవరం ఉన్నాయి. మీరు పేజీ వేసిన గిడుగు వారి పేరుతో కూడా ఒక ఫాంట్ ఉంది. ఆ పేజీని వెబ్‌లో ఆ అక్షరాల్లో పెట్టి ఉంటే ఎంత బాగుండేదో! రామభద్ర లావుగా, శీర్షికకి పెట్టింది పేరు. మండలి చదువుకునే పాఠానికి హాయిగా ఉంటుంది. చతుర మూలలు తేలిన అక్షరం, అందులో సన్నని దాని నుంచి బాగా లావు దాకా ఐదు మందాలు ఉన్నాయి. లక్కిరెడ్డి చేతిరాతలా ఉంటుంది, ఆహ్వానాలకి వాడతాను. ఇక్కడ ఒక జాగ్రత్త. వీటిలో ఎక్కువ ఫాంట్లకి మందం ఒక్కటే. నా పంట వంట అయింది అలాంటి ఒక ఫాంట్‌తోనే. తప్పు ఫాంట్‌ది కాదు, లేని బోల్డ్‌ని అడిగిన నాది. వీటిని అసలు మందంలోనే, సైజు పెంచి వాడుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

ముంబైలోని ఏక్ టైప్ వాళ్ల బలూ ఫాంట్‌కి తెలుగు రూపం ఉంది. దాని పేరు బలూ తమ్ముడు. బొద్దుగా, నవ్వుతున్నట్టు ఉంటుంది. స్కూలు సైట్ చిన్నపిల్లల పేజీకి అదే పెట్టాను. టీచర్లు అదే అక్షరంతో క్లాసు గోడల మీద చార్టులు కూడా ప్రింట్ చేయించుకున్నారు. వాళ్లదే అనేక్ తెలుగు 2022లో వచ్చింది. ఒకే ఫైలులో అక్షరాన్ని సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఎంత కావాలంటే అంత జరుపుకోవచ్చు. డీటీపీలో పొడుగు శీర్షిక కాలంలో పట్టకపోతే అక్షరాన్ని అడ్డంగా నొక్కేసేవాళ్లం. నిలువు గీతలన్నీ చిక్కిపోయేవి. అనేక్‌లో నొక్కక్కర్లేదు. ఇరుకు అక్షరాన్ని కూడా గీసినవాళ్లే సరిచేసి పెట్టారు. పత్రిక శీర్షికలకి ఇంతకన్నా ఏం కావాలి? ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ల హింద్‌కి తెలుగు రూపం హింద్ గుంటూరు. మన ఊరి పేరు ఒక ఫాంట్‌కి ఉందని మా చీరల కొట్టు ఓనరుకి చెబితే, ఆయనది గుంటూరే, వెంటనే అదే పెట్టమన్నారు. ఐదు మందాలు ఉన్నాయి, పక్కన ఇంగ్లీషు అంకెలు వచ్చినా ఎత్తు కలుస్తుంది. ధరల పట్టికకి చక్కగా సరిపోయింది. పద్యాలకి, పాత సాహిత్యానికి టైరో తెలుగు ఉంది. మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం గీసిన అక్షరాల్లోంచి వచ్చింది. ఆలయ కమిటీ సైట్‌లో సుప్రభాతం దానితోనే కూర్చాను. పొద్దున్నే గుడి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూస్తూ చదువుకునే పెద్దవాళ్లని స్వయంగా చూశాను.

కొత్త ఫాంట్ ఏది దొరికినా వాడే ముందు ఒక చిన్న పరీక్ష పెడతాను. ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకున్న మాటలు ఇవి. పంట, సహనం, ధర్మం, లక్ష్మి, కృష్ణ, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, ఘృతం, ఝాన్సీ. చివర ఒక ధర, రూపాయి గుర్తుతో సహా. వీటిని పెద్ద సైజులో ఒకసారి, మామయ్య గారి ఫోన్‌లో చిన్న సైజులో ఒకసారి చూస్తాను. కొన్ని ఫాంట్లు ‘లక్ష్మి’ దగ్గర దొరికిపోతాయి, ‘మ’ ఒత్తు ‘క్ష’ని వదిలేసి పక్కకి పోతుంది. కొన్ని ‘జ్యోత్స్న’ దగ్గర. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేరిస్తే మాట అవుతుంది. తెలుగులో ఒక అక్షరం ఇంకోదాని కిందికి దూరాలి, ఒకటి నెత్తికెక్కాలి, ఒకటి ఆకారమే మార్చుకోవాలి. అందుకే తెలుగు ఫాంట్ గీయడానికి వందల ముక్కలు కావాలి, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో లెక్క రాయాలి. ఆ లెక్క రాసిన వాళ్లు చాలామంది మన దగ్గర డబ్బు పుచ్చుకోకుండా మనకి ఇచ్చారు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఇక ఖర్చు పేరు చెప్పి తప్పించుకోవడానికి లేదు.

ఫాంట్ పెడితే పేజీ బరువెక్కి నెమ్మదిస్తుందని అంటారు. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు వాఫ్ 2 అన్న పద్ధతిలో ఫైలు బాగా కుదించుకుపోతుంది. 2018 నుంచి అది అధికారిక ప్రమాణం. పేజీలో తెలుగు ఉంటేనే తెలుగు ముక్క దిగేలా, లేకపోతే దిగకుండా చేయవచ్చు. ఫాంట్ వచ్చేదాకా ఫోన్‌లో ఉన్న అక్షరంతో వార్త చూపించి, రాగానే మార్చేలా కూడా పెట్టవచ్చు. ఒకసారి దిగితే ఫోన్‌లో దాచుకుంటుంది, రెండో పేజీకి మళ్లీ దిగదు. మీ మొదటి పేజీలో ఒక పెద్ద ఫోటోకి అయ్యే డేటా కూడా దీనికి అవ్వదు. పైగా ఆ పేజీలో నేను లెక్కపెట్టినప్పుడు కదిలే ప్రకటనలే ఏడున్నాయి.

ఇంకో చిన్న మాట. మీ సైట్‌లో కోట్ చేసిన మాటలన్నీ పక్కకి వాలి కనిపిస్తున్నాయి. ఆ వాలు అక్షరం కూడా బ్రౌజరు సొంతంగా చేస్తున్నదే, లావు చేసినట్టే. తెలుగు అచ్చులో మాటని ఎత్తి చూపాలంటే రంగు మార్చేవాళ్లం, లావు చేసేవాళ్లం, గీత గీసేవాళ్లం, కొటేషన్ పెట్టేవాళ్లం. గుండ్రటి అక్షరాన్ని పక్కకి నెడితే గుడి ఒకవైపు, ఒత్తు ఒకవైపు అయిపోతుంది. దయచేసి అది తీసేయించండి.

నేను అడిగేది పెద్ద కోరిక ఏమీ కాదు. లైను ఎడం పెంచడం, దొంగ బోల్డ్, దొంగ వాలు ఆపడం మీ కంప్యూటర్ విభాగం వాళ్లకి ఒక పూట పని. ఆ తర్వాత, పాఠానికి ఒకటి, శీర్షికలకి ఒకటి మంచి తెలుగు ఫాంట్లు ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు మీ పేజీలు పెట్టే సీనియర్ సబ్‌ఎడిటర్లని, డీటీపీ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల కన్ను ఎప్పుడూ ఒత్తుల మీదే ఉంటుంది. ఇక అసలు కోరిక. మీరు కాగితం మీద వాడే ఆ అక్షరం మీ పాఠకుల కంటికి అలవాటైన అక్షరం. దాన్ని యూనికోడ్‌లో, రెండు మూడు మందాలతో, వెబ్ కోసం చేయించండి. వీలైతే అందరికీ ఉచితంగా ఇవ్వండి. మా మామయ్య గారు పొద్దున గుమ్మంలో చూసిన అక్షరమే మధ్యాహ్నం ఫోన్‌లోనూ చూస్తారు. ఊళ్లో నాలాంటి వాళ్లు స్కూలు సైట్‌కి, పంచాయతీ సైట్‌కి అదే వాడుకుంటాం.

ఈ ఉత్తరంతో పాటు మీ సైట్‌లో వచ్చిన నిన్నటి ఎడిటోరియల్ ప్రింట్లు రెండు జత చేస్తున్నాను. మొదటిది ఇప్పుడు ఫోన్‌లో కనబడుతున్నట్టు. రెండోది అనేక్ శీర్షిక, మండలి పాఠం, లైను ఎడం 1.7 పెట్టి నేను కూర్చినది. మొదటి దాంట్లో ఒత్తులు కిందిలైనుని తాకిన చోటల్లా ఎర్ర పెన్నుతో సున్న చుట్టాను. పద్నాలుగు ఉన్నాయి. రెండో దాంట్లో చుట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

ఇట్లు,
ఒక పాత డీటీపీ ఆపరేటర్,
సత్యనారాయణపురం, విజయవాడ